మొదటిసారి వినేటప్పుడు మీటలు ముట్టుకోకు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

వేళచ్చేరిలో నీ పడకగదిలో రికార్డు చేసిన ఎనిమిది పాటలూ అందాయి. రెండుసార్లు విన్నాను. అయితే ముందు నీ పాటలను నువ్వే ఎలా వినాలో చెబుతాను. కోడంబాకం సినిమా స్టూడియోల్లో ముప్పై ఏళ్ళు సౌండ్ ఇంజనీర్ల పక్కన కూర్చుని నేర్చుకున్నది ఇదే.

ఒక వారం ఆ ఫైళ్ళు తెరవకు. పాడిన రోజే వింటే పాటకన్నా నువ్వు పడిన శ్రమే ఎక్కువ వినిపిస్తుంది. వారం గడిచాక కాగితం, పెన్ను తీసుకుని, కంప్యూటర్‌కు దూరంగా కూర్చుని, ఎనిమిదీ ఆపకుండా విను. మనసు పక్కకు మళ్ళిన చోట నిమిషం, సెకను రాసుకో. కారణం తరువాత వెతుక్కోవచ్చు.

శబ్దం తగ్గించి విను, పక్కవాళ్ళు మామూలుగా మాట్లాడితే వినిపించేంత. గట్టిగా పెడితే ప్రతి పాటా బాగున్నట్టే ఉంటుంది. శబ్దం తగ్గేకొద్దీ మన చెవికి మంద్ర ధ్వనులు (బేస్) మరీ పలచబడతాయని ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు 1933లోనే కొలిచి చూపించారు. అందుకని బేస్ సంగతి కాస్త పెంచి విన్నాకే తేల్చుకో. రెండు టేకులను, అంటే ఒకే పాటను రెండుసార్లు పాడిన రికార్డింగులను, పోల్చేటప్పుడు రెండింటి శబ్దమూ సమానం చెయ్యి, లేకపోతే గట్టిగా ఉన్నదే మెరుగని అనిపిస్తుంది.

ఇక మాటలు. మూడో పాట చరణంలో రెండో పాదం నాకు అర్థం కాలేదమ్మా. ఒత్తులన్నీ గిటారు కింద మునిగిపోయాయి. సాహిత్యం నీకు కంఠతా వచ్చు కాబట్టి ఆ లోపం నీకు ఎప్పటికీ వినిపించదు. పాట తెలియని తెలుగువాళ్ళెవరిచేతనైనా వినిపించినది వినిపించినట్టు రాయించు. ప, భ దగ్గర ఊపిరి మైకుకు కొట్టుకుంటోంది. జానెడు దూరం జరిగి, మైకును కొద్దిగా పక్కకు తిప్పి పాడు.

ఐదో పాటలో ఫ్యాను హోరు ఉంది. చెన్నై మే నెలలో ఫ్యాను ఆపడం ఎంత నరకమో నాకు తెలుసు. అయినా ఆ హోరును తరువాత సాఫ్ట్‌వేర్‌తో తీసేద్దామనుకోకు, దానితోపాటు గమకం చివరి కొసలు కూడా పోతాయి. తెల్లవారుజామున మళ్ళీ పాడు. ఆరో పాటలో పైస్థాయి అందుకున్న చోట స్వరం సున్నా డెసిబెల్ గీతకు, అంటే రికార్డింగు పట్టుకోగల గరిష్ఠ హద్దుకు, తగిలి పగిలింది. పగిలిన స్వరం పూర్తిగా తిరిగి రాదు. రికార్డింగును 24 బిట్లలో పెట్టుకుని, ఎంత గట్టిగా పాడినా శబ్దం మైనస్ 6 డెసిబెల్ దాటకుండా చూసుకో.

ఏడో పాట చివరి పల్లవిలో నీ గొంతు వణికింది. దాన్ని ముట్టుకోవద్దు. అందరూ ఒకేసారి వాయించే రోజుల్లో ఒక్కరు తప్పినా మొదటినుంచి మొదలుపెట్టేవాళ్ళం. అయినా సంగీత దర్శకులు చివరికి ఎంచుకున్న టేకు చాలాసార్లు తప్పులు లేనిది కాదు, పాడినవారి మనసు తెలిసినది. నీ ఆల్బమ్‌లో అలాంటి చోటు అదొక్కటే దొరికింది నాకు. దాన్నే మొదటి పాటగా పెట్టమని నా మాట.

మూడు, ఐదు, ఆరు మళ్ళీ పాడాక ఒక ఆదివారం వడపళనికి రా. అత్తయ్య పులిహోర చేస్తానంటోంది. నా పాత స్పీకర్లలో ఇద్దరం కలిసి విందాం.