గ్రీన్ హైడ్రోజన్ వల్ల మనలాంటి దేశానికి ఒరిగేదేమైనా ఉందా?

పెట్రోలు బండే భారమైన దేశంలో హైడ్రోజన్ కారు ఎవరికోసం అని అడిగారు. కార్ల సంగతి వదిలేయండి. గ్రీన్ హైడ్రోజన్ అంటే సోలార్, గాలిమరల కరెంటుతో నీటిని విడగొట్టి తీసే హైడ్రోజన్. కాకినాడ వైపు ఎరువుల ఫ్యాక్టరీలో చాలా ఏళ్లు చేసినవాడిగా చెబుతున్నా, ఇది ముందు చేరాల్సింది డీఏపీ బస్తాలోకి.

డీఏపీకి అమ్మోనియా కావాలి, అమ్మోనియాకి హైడ్రోజన్ కావాలి. మా ప్లాంటుకి అమ్మోనియా ఓడలోనే వచ్చేది, మైనస్ 33 డిగ్రీల చలిలో. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక టన్ను వెయ్యి డాలర్లు దాటింది. మా ఓడ ఆలస్యమైంది. కంట్రోల్ రూంలో గంట గంటకీ ట్యాంక్ లెవెల్ రాస్తున్నాం, అది దిగిపోతూనే ఉంది. ముందు లోడు తగ్గించారు, తర్వాత ఎరువుని గుళికలుగా చేసే గ్రాన్యులేటర్ డ్రమ్ము ఆపేశారు. పర్మనెంటు వాళ్లం కాబట్టి మాకు జీతం ఆగలేదు. బస్తాలు మోసే కాంట్రాక్టు వాళ్లని మాత్రం గేటు దగ్గరే వెనక్కి పంపారు. ఒకాయన క్యారేజీ పట్టుకుని నిలబడి, "బాబూ, ఓడ ఎక్కడిదాకా వచ్చిందండీ?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

2023 జనవరిలో కేంద్రం 19,744 కోట్లతో గ్రీన్ హైడ్రోజన్ మిషన్ ఆమోదించింది. 2030కల్లా ఏటా 50 లక్షల టన్నుల గ్రీన్ హైడ్రోజన్ తీయడం లక్ష్యం. నాకు అంతకంటే నచ్చింది 2025లో కేంద్ర ప్రభుత్వ సౌర విద్యుత్ సంస్థ సెకీ పెట్టిన వేలం. 13 ఎరువుల ప్లాంట్లకి ఏటా 7 లక్షల టన్నులకు పైగా గ్రీన్ అమ్మోనియా (గ్రీన్ హైడ్రోజన్‌తో చేసేది), పదేళ్ల ఒప్పందం, కిలో సుమారు 50 నుంచి 65 రూపాయలు. కొనేవాడు ఖాయమైతేనే బ్యాంకు అప్పిస్తుంది, ఫ్యాక్టరీ లేస్తుంది. ధర పదేళ్లు కదలదు. ఎక్కడో బాంబు పడితే అమ్మోనియా లేక కాకినాడలో గేటు మూసే ముప్పు తగ్గుతుంది. యూరియాకి మాత్రం ఇదొక్కటే చాలదు, దానికి కార్బన్ డయాక్సైడ్ కూడా కావాలి.

హైడ్రోజన్ సిటీ బస్సులకి డబ్బు పెట్టడం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కిలో హైడ్రోజన్ తీయడానికి 50 యూనిట్లకు పైగా కరెంటు పోతుంది, దాంతో బస్సు నడిచేది పదీ పన్నెండు కిలోమీటర్లు. అదే కరెంటు బ్యాటరీలో పోస్తే 40 నడుస్తుంది. ఆ సొమ్ము ఎరువులకి మళ్లించాలి.

ఇంకో మాట. అనకాపల్లి జిల్లా పూడిమడకలో రోజుకి 1,500 టన్నుల హైడ్రోజన్ హబ్‌కి 2025 జనవరిలో ప్రధాని శంకుస్థాపన చేశారు. చుట్టుపక్కల ఐటీఐల్లో ఎలక్ట్రోలైజర్ (కరెంటుతో నీటిని విడగొట్టే యంత్రం) మెయింటెనెన్స్ కోర్సు ఇప్పుడే పెట్టాలి. లేకపోతే ఫిట్టర్లు బయటి రాష్ట్రాల నుంచి వస్తారు, మన పిల్లలకి సెక్యూరిటీ ఉద్యోగాలు మిగులుతాయి. అమ్మోనియా నిల్వ పెట్టే చోట పక్క ఊళ్లకి కూడా శిక్షణ ఇవ్వాలి. గ్యాస్ లీకైతే గాలి ఎటు వీస్తోందో చూసి, ముక్కుకి తడిగుడ్డ కట్టుకుని, గాలికి అడ్డంగా పక్కకి పరుగెత్తాలని ఆ ఇళ్లలో ప్రతి ఆడమనిషికీ, పిల్లాడికీ తెలిసుండాలి.