పోవడానికి రెండున్నర గంటలు, రావడానికి ఐదా?

ప్రశ్న: మా అబ్బాయి దుబాయ్‌లో పనిచేస్తాడు. పోయినప్పుడు హైదరాబాద్‌లో ఉదయం 10కి ఎక్కితే 12.30కి దుబాయ్‌లో దిగుతాడని టికెట్‌లో ఉంది. ఇప్పుడు సెలవు మీద వస్తున్నాడు. 10వ తేదీ రాత్రి 10కి అక్కడ బయలుదేరితే ఇక్కడ దిగేది 3 గంటలకట. దూరం ఒకటే కదా, ఇంత తేడా ఎందుకు? మేము ఏ రోజు శంషాబాద్ రావాలి?
– ఒక తల్లి, జగిత్యాల

జవాబు: దూరం ఒకటేనమ్మా, సుమారు 2,550 కిలోమీటర్లు. బేగంపేట విమానాశ్రయం కంట్రోల్ టవర్‌లో పనిచేసే రోజుల నుంచీ మా చుట్టాలు నన్ను ఇదే అడుగుతున్నారు.

టికెట్‌లో బయలుదేరే టైమ్ ఎక్కే ఊరిది, దిగే టైమ్ దిగే ఊరిది. దుబాయ్ గడియారం మనకన్నా గంటన్నర వెనక. మనకు ఉదయం 10 అంటే అక్కడ 8.30. అక్కడి 12.30 దాకా లెక్కేస్తే నాలుగు గంటలు. వచ్చేటప్పుడు అక్కడి రాత్రి 10 మనకు 11.30. మూడు దాకా మూడున్నర గంటలే.

మిగిలిన ఆ అరగంట తేడా మాత్రం నిజమే. అది గాలి పని. ముఖ్యంగా చలికాలంలో, విమానాలు ఎగిరే 10–12 కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకి గట్టి గాలి వీస్తుంది. మీ ధర్మపురి గోదారిలో వాలుకి పోయే పడవకీ, ఎదురెక్కే పడవకీ ఉన్న తేడానే ఇది. విమానం వేగం గంటకు 850 కిలోమీటర్లు, గాలి 80 అనుకోండి. పోయేటప్పుడు 770, వచ్చేటప్పుడు 930. భాగించి చూస్తే అరగంట పైనే తేడా వస్తుంది. వానాకాలంలో దక్షిణాది మీద ఆ ఎత్తున గాలి తూర్పు నుంచి తిరుగుతుంది. తూర్పు జెట్ ప్రవాహం అనే ఆ గాలి గురించి మన వాతావరణ శాస్త్రవేత్త పి. కోటేశ్వరం 1958లోనే రాశారు. ఆ నెలల్లో తేడా తగ్గుతుంది.

850 వేగంతో మూడు గంటలే పట్టాలి కదా అని మీ అబ్బాయి అడగొచ్చు. టికెట్ మీది టైమ్ ఇక్కడి గేటు దగ్గర కదిలినప్పటి నుంచి అక్కడి గేటు దగ్గర ఆగేదాకా. విమానం రన్‌వే దాకా మెల్లగా పోవడం, పైకి లేవడం, కిందికి దిగడం అన్నీ అందులోనే.

ఇక అసలు టెన్షన్ తేదీది. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. 10వ తేదీ రాత్రి బయలుదేరిన విమానం దిగేది 11వ తేదీ తెల్లవారుజామున. టికెట్‌లో దిగే టైమ్ పక్కన చిన్నగా +1 అని ఉంటుంది, చూసుకోండి. ఇమ్మిగ్రేషన్, సామాను అయ్యేసరికి ఇంకో గంట. కారులో ఐదు గంటలు వేసుకుని, 10వ తేదీ రాత్రి భోంచేసి పదిన్నరకు కదలండి. డ్రైవర్‌ని మాత్రం మధ్యాహ్నమే కాసేపు పడుకోమనండి. 11వ తేదీ రాత్రి కదా అనుకున్నారో, మధ్యాహ్నానికే అబ్బాయి బస్సెక్కి వచ్చి తలుపు తడతాడు.