బీడీలు చుట్టేవారి బొమ్మలు ఉద్యోగానికి అడ్డమా?

ప్రశ్న: మాది నిజామాబాద్. మా అమ్మాయి హైదరాబాద్‌లో బీఎఫ్ఏ అప్లయిడ్ ఆర్ట్ చివరి ఏడాది చదువుతోంది. బీడీలు చుట్టే మహిళల మీద సొంతంగా ఇరవై బొమ్మలు వేసింది. రక్తహీనతపై ఒక స్వచ్ఛంద సంస్థ తెచ్చిన చిన్న పుస్తకానికి బొమ్మలు వేస్తే దారి ఖర్చులు మాత్రం ఇచ్చారు. ఒక చీరల దుకాణానికి క్యాలెండర్ కూడా చేసింది. ఇంత కలగాపులగంగా ఉంటే ఎవరూ ఉద్యోగం ఇవ్వరని, సామాజిక అంశాల జోలికి వెళ్లవద్దని బంధువులు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీరు పంపిన బొమ్మలన్నీ చూశాను. కలగాపులగం అన్న మాటలో కొంత నిజం ఉన్నా, దానికి మీ బంధువులు చెప్పిన మందు మాత్రం సరైనది కాదు. ఇరవై బీడీ బొమ్మల్లో సగానికి పైగా కన్నీళ్లు, వంగిన వీపులు, చీకటి గదులే ఉన్నాయి. అలాంటివి ఏ పేదరికం గురించైనా ఎవరైనా వేయగలరు. ఏడో బొమ్మ మాత్రం వేరు. తునికాకు మీద రేకు ముక్క పెట్టి కత్తిరించడం, పొగాకు వేసి చుట్టడం, కొసను గోటితో మడిచి మూయడం వరుసగా చూపించి, అరిగిపోయిన ఆ బొటనవేలి గోరును పక్కనే పెద్దదిగా వేసింది. అమ్మాయి ఆ వాకిట్లో కూర్చుని చూసి వేసిందని తెలిసిపోతోంది. పోర్ట్‌ఫోలియోను, అంటే ఉద్యోగం అడిగేటప్పుడు చూపించే తన పనుల సంకలనాన్ని, ఆ బొమ్మతో మొదలుపెట్టి, కన్నీళ్ల బొమ్మల్లో ఒకటో రెండో ఉంచి మిగిలినవి తీసేయమనండి.

సొంత ఆసక్తితో వేసిన బొమ్మలే తరువాత పని తెచ్చిపెట్టడం ఈ రంగంలో వింతేమీ కాదు. నర్మదా లోయ ఉద్యమంపై ఒరిజిత్ సేన్ గీసిన బొమ్మల నవలను 1994లో కల్పవృక్ష్ అనే పర్యావరణ సంస్థ ప్రచురించింది. పెద్ద మార్కెట్ ఉన్న పుస్తకమేమీ కాదది. ఆయనే తరువాత పంజాబ్‌లోని ఆనంద్‌పూర్ సాహిబ్‌లో, 2011లో ప్రారంభమైన విరాసత్-ఏ-ఖాల్సా మ్యూజియం కోసం పంజాబీ జనజీవనాన్ని భారీ కుడ్యచిత్రంగా రూపొందించారు. ఒకప్పుడు నేను కూడా ఇలాంటి బొమ్మలను ఇంటర్వ్యూలకు తీసుకెళ్లవద్దని విద్యార్థులకు చెప్పినవాడినే, ఇప్పుడు చెప్పను.

అయితే ఒకరు అప్పగించిన సామాజిక పనికి మరో పరీక్ష ఉంటుంది: ఎవరి కోసం వేశామో వారికి ఆ బొమ్మ అర్థం కావాలి, ఎబ్బెట్టుగా అనిపించకూడదు. 1980లలో రాజస్థాన్ గ్రామీణ మహిళలు తమ శరీరం గురించి తామే ఒక పుస్తకం తయారుచేసుకుంటున్నప్పుడు, ఊళ్లో ఏ ఆడదీ ఇలా బట్టల్లేకుండా కనిపించదని నగ్న చిత్రాలకు అభ్యంతరం చెప్పారు. దాంతో బొమ్మలకు బట్టలు తొడిగి, ఘాగ్రాను కాగితపు మడతలా పైకెత్తితే లోపలి శరీరం కనిపించేలా మార్చారు. మీ అమ్మాయి రక్తకణాలను నవ్వు ముఖాలున్న ఎర్రటి బంతులుగా వేసింది. చూడటానికి ముచ్చటగానే ఉన్నాయి గాని, అవి ఏమిటో ఊళ్లో కనీసం ఐదుగురు మహిళలను అడిగి, వారు చెప్పిన మాటలనూ, వాటిని బట్టి మార్చిన బొమ్మనూ పక్కపక్కన పెడితే ఆ రెండు పేజీలకు ఎంతో విలువ వస్తుంది.

దారి ఖర్చులతో సరిపెట్టడం మాత్రం నాకు నచ్చలేదు. పుస్తకం అచ్చువేసిన ప్రెస్సుకు డబ్బు చెల్లించినప్పుడు బొమ్మలు వేసినవారికి ఎందుకు చెల్లించరు? ఇకపై పని మొదలుపెట్టకముందే ఎన్ని బొమ్మలు, ఎన్నిసార్లు దిద్దుబాట్లు, ఎంత అడ్వాన్సు, ఎక్కడ, ఎంతకాలం వాడుకుంటారు అన్నవి ఈమెయిల్లోనైనా రాయించుకోవాలి. 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ఒకరు కోరగా డబ్బు తీసుకుని వేసిన పెయింటింగ్‌పై, వేరే ఒప్పందం లేకపోతే, తొలి హక్కు వేయించుకున్నవారిదే అవుతుంది. హక్కులు రాసిచ్చేటప్పుడు గడువు పేర్కొనకపోతే ఐదేళ్లుగా పరిగణిస్తారని 19వ సెక్షన్ చెబుతోంది. కాలేజీల్లో రంగుల గురించి చెప్పినంతగా వీటి గురించి చెప్పరు.

కేవలం సామాజిక అంశాలతో ఇల్లు గడవడం కష్టమే. కాబట్టి చీరల దుకాణం క్యాలెండర్‌ను తీసేయవద్దు. అడిగింది అడిగినట్టు గడువులోగా చేయగలదని చెప్పేది అదే. పిల్లల పుస్తకాల వైపు కూడా చూడమనండి. సికింద్రాబాద్‌లో ‘మంచి పుస్తకం’, చెన్నైలో తూలిక, తారా బుక్స్, బెంగళూరులో ప్రథమ్ బుక్స్ వంటి ప్రచురణ సంస్థలు ఉన్నాయి. పైచదువు కావాలంటే ఎన్ఐడీలు (జాతీయ డిజైన్ విద్యాసంస్థలు), సీడ్ అనే డిజైన్ ప్రవేశ పరీక్ష ద్వారా ఐఐటీలు ఉన్నాయి. అందుకు తొందరేమీ లేదు.

పోర్ట్‌ఫోలియోలో ప్రతి పనికీ కింద మూడు నాలుగు వాక్యాలు ఉండాలి: ఎవరు అడిగారు లేదా తనే ఎందుకు మొదలుపెట్టింది, ఎవరి కోసం, ఏది మార్చాల్సి వచ్చింది. దాంతో కలగాపులగం చాలావరకు తీరుతుంది. ఏడో బొమ్మను మొదటి పేజీలో పెట్టేముందు, ఆ గోరు ఎవరిదో ఆమెకే తీసుకెళ్లి చూపించి, ఆమె సరేనన్న తరువాతే పెట్టమనండి.