నన్నడిగితే మారింది టీవీ వెనక మూత

"గత నలభై ఏళ్లలో టీవీ సెట్లలో వచ్చిన అతి పెద్ద మార్పు ఏమిటి?" అని ఒకరు అడిగారు. రంగులు, రిమోటు, పలచటి తెర అని చాలామంది చెబుతారు. నేను వెనక మూత అంటాను. అప్పట్లో దాన్ని విప్పితే పని జరిగేది. ఇప్పుడు విప్పినా ప్రయోజనం లేదు.

1987లో మేము సికింద్రాబాద్‌లో ఉండేవాళ్లం. మాది చెక్కపెట్టెలో నలుపు తెలుపు సెట్టు. ముందు పక్కకు జరిపే తలుపులు, వాటికి తాళం, తాళంచెవి తాతయ్య మొలతాడుకు. ఒక ఆదివారం పొద్దున, రామాయణం మొదలయ్యే ముందు టీవీ పెడితే బొమ్మంతా నలిగిపోయి తెర మధ్యలో అడ్డంగా ఒక్క తెల్లగీత మిగిలింది. మాటలు మాత్రం శుభ్రంగా వినిపిస్తున్నాయి. అప్పటికే సగం వీధి మా చాపల మీద కూర్చుని ఉంది.

మెకానిక్ తోలుసంచితో వచ్చి మూత తీశాడు. అమ్మ బొట్టు పెట్టుకునే అద్దం నా చేతికిచ్చి తెర ఎదురుగా కూర్చోబెట్టాడు. వెనక నుంచి పనిచేసేవాడికి ముందు బొమ్మ కనబడాలి కదా! "బాబూ, కాస్త ఎడమకు వంచు. ఆ, కదలకు." సలహాలివ్వడానికి దగ్గరికి వచ్చిన తాతయ్యను, ఆపేసినా పిక్చర్ ట్యూబులో వేల వోల్టులుంటాయని చెప్పి దూరం జరిపాడు. ట్రాన్సిస్టరు ఒకటి మార్చాడు. టంకం పొగ, అగరొత్తుల పొగ కలిసి అదో వాసన. గీత మెల్లగా పైకీ కిందికీ విచ్చుకుంది. రాముణ్ణి ముందు చూసింది నేనే. అద్దంలో చూసిన మెకానిక్‌కు ఆయన ఎడమచేతివాటంగా కనిపించి ఉంటాడు. మొత్తం ఖర్చు 30 రూపాయలు, గ్లాసుడు కాఫీ.

కిందటేడాది మా 43 అంగుళాల ఎల్‌ఈడీ టీవీలో సగం తెర నిండా నిలువు గీతలు పడ్డాయి. వారంటీ ముగిసి రెండు నెలలే అయింది. ఆ తేదీ టీవీకి ముందే తెలుసని నా గట్టి నమ్మకం. వచ్చిన కుర్రాడు సంచి కూడా తెరవకుండా ఫోనులో ఫొటో తీసి, "ప్యానెల్ పోయింది సార్, కొత్తది కొనుక్కోవడమే మేలు" అన్నాడు. తెర గాజు అంచుకు అతికించిన, బొమ్మ సంకేతాలు మోసే సన్నటి రిబ్బన్లలో ఎక్కడో పట్టు వదిలి ఉంటుంది. అవి టంకానికి లొంగేవి కావు. అద్దం పట్టుకునే పిల్లవాడికి అక్కడ పనేముంది?

శబ్దం సంగతి సరేసరి. స్పీకర్లు అడుగున దాక్కుని గోడకు కబుర్లు చెబుతాయి. అన్నిటికన్నా నా ఒళ్లు మండేది మాత్రం సాగదీసిన బొమ్మ చూస్తే. మా బావమరిది నలుపు తెలుపు సినిమాలను వెడల్పు తెర నిండా లాగి చూస్తాడు. సన్నగా ఉండే నాయికలందరూ అడ్డంగా ఊరిపోయి కనిపిస్తారు. మార్చమంటే, "డబ్బు పోసి కొన్నాం, పక్కలు ఖాళీగా ఎందుకు వదలాలి బావా?" అంటాడు.