స్క్రిప్టు ఏఐ రాసింది, ఇంటర్వ్యూలో నేను చెప్పలేకపోయాను

ప్రశ్న: మాది హిందూపురం. 2024లో ఈసీఈతో బీటెక్ అయ్యింది. బెంగళూరు బీటీఎం లేఅవుట్‌లో పీజీలో ఉంటూ ఒక కంపెనీలో ప్రొడక్షన్ (కస్టమర్లు వాడుతున్న అసలు సిస్టమ్) సపోర్ట్‌లో, మొదటి స్థాయి అయిన ఎల్1లో చేస్తున్నాను. రాత్రి షిఫ్టులో డాష్‌బోర్డులు చూడటం, అలర్ట్ వస్తే సమస్యను టికెట్‌గా రాసి, దాన్ని సరిచేసే పై స్థాయి ఎల్2 వాళ్లకు పంపడం నా పని. ఈమధ్య ఆ టికెట్లు ఏఐ టూలే రాసేస్తోంది. చాలా టెన్షన్‌గా ఉంది. సాఫ్ట్‌వేర్‌ను విడుదల చేసి నడిపించే డెవాప్స్ పనికి మారదామని చాట్‌జీపీటీతో పైథాన్ స్క్రిప్టులు, సర్వర్లను కోడ్‌తో ఏర్పాటు చేసే టెర్రాఫామ్ స్క్రిప్టులు రాయించి రెజ్యూమేలో పెట్టాను. మొన్న ఇంటర్వ్యూలో ఏ లైను ఎందుకుందో అడిగితే చెప్పలేకపోయాను. మారతహళ్లిలో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ‘ఏఐ డెవాప్స్’ కోర్సుకు 60 వేలు అడుగుతున్నారు. లేని రెండేళ్ల ఎక్స్‌పీరియన్స్ కూడా ఉన్నట్టు చూపిస్తామంటున్నారు. నాన్న అప్పు తెచ్చి కడతానంటున్నారు. చేరమంటారా సార్?

జవాబు: అమ్మా, ముందు నాన్నగారికి ఫోన్ చేసి అప్పు తేవద్దని చెప్పండి. ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తామన్న చోట చేరనే వద్దు. మీరు ఏ కంపెనీలో ఎప్పటి నుంచి ఎప్పటిదాకా చేశారో పీఎఫ్ ఖాతా యూఏఎన్‌లో ఉంటుంది. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దాన్ని చూసే అవకాశం ఉంది. దొరికితే వచ్చిన ఆఫర్ పోతుంది, మీరు నిజంగా రాత్రిళ్లు మేల్కొని చేసిన పనిని కూడా ఎవరూ నమ్మరు.

మీ భయం ఉత్తదేమీ కాదు. అలర్ట్ చూసి టికెట్ రాయడం వరకే అయితే ఆ పని తగ్గిపోతుంది. కానీ ఇంటర్వ్యూలో మీరు ఆగిపోయింది ఏఐ వాడినందుకు కాదు. కోడ్ రాయడంలో సాయపడే ఏఐ టూల్ గిట్‌హబ్ కోపైలట్ 2022 జూన్‌లో అందరికీ అందుబాటులోకి వచ్చింది, చాట్‌జీపీటీ అదే ఏడాది నవంబర్‌లో వచ్చింది. మిమ్మల్ని ఇంటర్వ్యూ చేసినవాళ్లు కూడా ఇలాంటివి వాడుతూ ఉండవచ్చు. వాళ్లకు కావాల్సింది, ఆ స్క్రిప్టు ప్రొడక్షన్‌లో తెల్లవారుజామున రెండింటికి ఆగిపోతే ఎక్కడ చూడాలో తెలిసిన మనిషి. రాసిచ్చే పని టూల్ చేస్తుంది. అది సరైనదో కాదో తేల్చి, దానికి పూచీ పడే పని మాత్రం మనిషిదే. మీరు నేర్చుకోవాల్సింది ఆ రెండోది.

దీనికి ఆధారం ఉంది. సాఫ్ట్‌వేర్ డెలివరీపై ఏటా వచ్చే డోరా నివేదిక, 2024లో ఒక లెక్క ఇచ్చింది. ఏఐ వాడకం 25 శాతం పెరిగినచోట డెలివరీ స్థిరత్వం (విడుదల చేసిన మార్పులు చెడిపోకుండా నడవడం) సుమారు 7.2 శాతం తగ్గుతోందని అంచనా వేసింది. కోడ్ సులువుగా వచ్చేస్తుంటే ఒక్కో మార్పు పెద్దదైపోతుందని, పెద్ద మార్పుతో రిస్క్ పెరుగుతుందని ఆ నివేదిక రాసినవాళ్లు అభిప్రాయపడ్డారు. ఇక 2025 జూలైలో రెప్లిట్ అనే కంపెనీ ఏఐ ఏజెంట్ (తానే పనులు చేసే ఏఐ టూల్), కోడ్‌లో ఏమీ మార్చవద్దని వినియోగదారుడు చెప్పినా వినకుండా ప్రొడక్షన్ డేటాబేస్‌ను చెరిపేసింది. పైగా డేటా తిరిగి రాదని కూడా చెప్పింది. ఆ వినియోగదారుడు రోల్‌బ్యాక్ చేసి, అంటే పాత స్థితికి వెనక్కి తీసుకెళ్లి చూస్తే వచ్చింది! టూల్ మాటనే ఆఖరి మాటగా తీసుకుని ఉంటే ఆ డేటా పోయినట్టే. ఆ తర్వాత రెప్లిట్ డెవలప్‌మెంట్, ప్రొడక్షన్ డేటాబేస్‌లను విడదీసే ఏర్పాటు చేసింది. బ్యాకప్, రోల్‌బ్యాక్, ఎవరికి ఎంత పర్మిషన్ అన్నవి పాత పాఠాలే. ఏజెంట్లు వచ్చాక వాటి అవసరం ఇంకా పెరిగింది.

ఇవన్నీ నేర్చుకోవడానికి 60 వేల కోర్సు కన్నా మంచి చోటు మీకు ఇప్పటికే ఉంది. నిజమైన అలర్ట్‌లు మీ కళ్ల ముందే వస్తున్నాయి. టికెట్ పంపేశాక మీ పని అయిపోయిందనుకోకండి. ఎల్2 వాళ్లు దాన్ని ఎలా మూశారో మర్నాడు తెరిచి చదవండి. అర్థం కానిచోట వాళ్లనే అడగండి. ఫ్రెషర్‌కు ఈ అవకాశం ఉండదు.

ఒక ఉదాహరణ చెప్తాను. డిస్క్ నిండిందని అలర్ట్ వచ్చింది. ఏఐని అడిగితే పాత లాగ్ ఫైళ్లు తీసేయమని చెప్పవచ్చు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ నడుస్తున్న సర్వీసు ఆ ఫైల్‌ను తెరిచి పట్టుకుని ఉంటే, మీరు డిలీట్ చేసినా లైనక్స్ ఆ చోటును ఖాళీ చేయదు. డిస్క్‌లో ఖాళీ ఎంతో చెప్పే ‘డీఎఫ్’ కమాండ్ డిస్క్ నిండుగానే ఉందంటుంది, ఫైళ్ల సైజులు కూడి చెప్పే ‘డీయూ’ మాత్రం సగమే ఉన్నాయంటుంది. ఈ తేడా ఎందుకొచ్చిందో తెలిస్తే తెరిచి ఉన్న ఫైళ్లను చూపే ‘ఎల్ఎస్ఓఎఫ్’తో ఏ ప్రాసెస్ పట్టుకుందో చూసి, దాన్ని రీస్టార్ట్ చేయవచ్చో లేదో అడిగి ముందుకెళ్తారు. తెలియకపోతే ఇంకో నాలుగు ఫైళ్లు డిలీట్ చేస్తారు. ఒక్కోసారి చోటు ఉన్నా ఐనోడ్‌లు (ఒక్కో ఫైల్‌కు లైనక్స్ కేటాయించే నమోదులు) అయిపోయి కొత్త ఫైల్ రాయలేకపోతుంది. ఇంటర్వ్యూలో ఇలాంటి ఒక్క సంఘటన మొదటి నుంచి చివరిదాకా చెప్పగలిగితే, పది ప్రాజెక్టుల పేర్లకన్నా అదే ఎక్కువ పనిచేస్తుంది.

వీకాఫ్ రోజుల్లో మీ ల్యాప్‌టాప్‌లో ఉబుంటు వేసుకోండి. ప్రోగ్రాములను విడి కంటెయినర్లలో నడిపే డాకర్ మీద చిన్న వెబ్ సర్వీసు ఒకటి నడపండి, ప్రొమీథియస్, గ్రఫానా అనే మానిటరింగ్ టూల్స్‌తో దాన్ని గమనించండి. తర్వాత కావాలనే చెడగొట్టండి. డిస్క్ నింపండి, మెమరీ లిమిట్ తగ్గించండి, డీఎన్‌ఎస్ (సైట్ పేరును ఐపీ అడ్రస్‌గా మార్చే ఏర్పాటు) తప్పుగా పెట్టండి. బాగుచేసేటప్పుడు మొదటి అరగంట ఏఐ జోలికి వెళ్లవద్దు. మీ అంచనా కాగితం మీద రాశాకే అడగండి. అడిగేటప్పుడు కూడా ‘రాసివ్వు’ అనకండి. ‘నేను రాసిన దీనిలో తప్పేముంది, ఇది ఎప్పుడు ఫెయిల్ అవుతుంది’ అని అడగండి. దాని జవాబును మళ్లీ నడిపి చూడండి. అది సూచించే పైథాన్ ప్యాకేజీ అసలు ఉందో లేదో కూడా చూసుకోండి. ఈ టూల్స్ లేని పేర్లను కూడా నమ్మకంగా చెప్తాయి.

సర్టిఫికెట్ కావాలనుకుంటే కాస్త ఆగి, కుబెర్నెటిస్ (చాలా సర్వర్లను ఒక క్లస్టర్‌గా కలిపి కంటెయినర్లను నడిపే సిస్టమ్) నిర్వహణ మీద ఉండే సీకేఏ పరీక్షకు కూర్చోండి. అది రెండు గంటల పరీక్ష. బిట్లు పెట్టడం ఉండదు, టెర్మినల్‌లో క్లస్టర్‌ను నిజంగా సరిచేయాలి. అధికారిక డాక్యుమెంటేషన్ చూసుకోవచ్చు, ఏఐ సాయం కుదరదు. అందుకే ఆ సర్టిఫికెట్ చెప్తున్నాను.

ఒక హెచ్చరిక గట్టిగా చెప్పాలి. కంపెనీ లాగ్‌లు, కస్టమర్ వివరాలు, పాస్‌వర్డ్‌లు మీ సొంత చాట్‌జీపీటీ ఖాతాలో పేస్ట్ చేయవద్దు. ఉద్యోగులు సోర్స్ కోడ్ అలా పెట్టారనే 2023లో శాంసంగ్ ఇలాంటి టూల్స్ మీద ఆంక్షలు పెట్టింది. కంపెనీ అనుమతించిన టూల్ ఏదో మేనేజర్‌ను అడిగి అదే వాడండి.

రెజ్యూమేలో మీరు వివరించలేని స్క్రిప్టులన్నీ ఈరోజే తీసేయండి. చిన్నదైనా ఒక్కటి ఉంచి, దానిలో ప్రతి లైనూ రూమ్‌మేట్‌కు తెలుగులో చెప్పి చూడండి. ఎక్కడ తడబడితే అక్కడ చదవాలి. ఇంటర్వ్యూలో ఏఐ సాయం తీసుకున్నానని దాచకండి. అది ఎక్కడ తప్పు చెప్పింది, మీరెలా పట్టుకున్నారు అన్నది కూడా చెప్పండి.

బయట వెతికేముందు మీ ఎల్2 లీడ్‌తో మాట్లాడండి. వారానికి ఒక షిఫ్టు వాళ్ల పక్కన కూర్చుని చూస్తానని, ఎప్పుడూ వచ్చే ఒక అలర్ట్‌కు రన్‌బుక్ (అలర్ట్ వస్తే ఏం చేయాలో వరుసగా చెప్పే నోట్) రాసిస్తానని అడగండి. ఉన్న కంపెనీలోనే ఎల్2కి మారడం, బయట డెవాప్స్ ఉద్యోగం తెచ్చుకోవడం కన్నా తేలిక. ఏడాది ఆ పని చేస్తే రెండేళ్ల ఎక్స్‌పీరియన్స్ ఎవరూ చూపించక్కర్లేదు.