కార్బ్యురేటర్ జోలికి ఇప్పుడే వెళ్లకండి

మీ ప్రశ్న: "1946 నాటి సెస్నా 140 అనే చిన్న విమానంలో వాటా కొన్నాను. గాలిలో బాగానే ఉంటుంది, దిగాక థ్రాటిల్ తగ్గిస్తే ఇంజిన్ ఆగిపోతోంది. కార్బ్యురేటర్‌ని ఓవర్‌హాల్‌కి పంపమని అందరూ అంటున్నారు. పంపాలా?"

పంపకండి. కనీసం ఈ నెల పంపకండి. నేను పంపి, వెయ్యి డాలర్ల పైచిలుకు వదిలించుకున్నవాణ్ణి కాబట్టి కాస్త గట్టిగానే చెబుతున్నాను.

మాదీ 140యే. 85 గుర్రాల కాంటినెంటల్ సి-85 ఇంజిన్, కింద స్ట్రామ్‌బర్గ్ కార్బ్యురేటర్. హ్యూస్టన్‌కి గంట దూరంలో ఒక చిన్న ఎయిర్‌పోర్టులో ఉంటుంది. నేనూ ఒక స్నేహితుడూ కలిసి కొన్నాం. (విమానం అనగానే మన చుట్టాలకి లాటరీ తగిలిందనిపిస్తుంది. ఇక్కడ కొత్త పికప్ ట్రక్కు కంటే తక్కువ ధరకే వచ్చిందని ఎన్నిసార్లు చెప్పినా నమ్మరు. చెప్పడం మానేశాను.)

ఒక జూలై సాయంత్రం దిగుతున్నాను. చక్రాలు ఆనాయి, థ్రాటిల్ పూర్తిగా లాగి మూశాను, రెండుసార్లు దగ్గినట్టు అయి ప్రొపెల్లర్ ఆగిపోయింది. రన్‌వే మధ్యలో ఆ నిశ్శబ్దం ఎలా ఉంటుందో మీకిప్పటికే తెలిసుంటుంది. వెనక ఇంకొకాయన దిగడానికి వస్తున్నాడని రేడియోలో వినబడుతోంది. దిగి, రెక్కకి ఆసరాగా ఉండే స్ట్రట్ పట్టుకుని, చెమటలు కక్కుతూ పక్కకి తోశాను. ఇలా మూడుసార్లయ్యాక హ్యాంగర్‌లో పంచాయితీ పెట్టాం. కూర్చున్న అందరిదీ ఒకటే మాట, కార్బ్యురేటరే అని. నాకూ అదే అనిపించింది. మా నాన్న బజాజ్ చేతక్ స్టార్ట్ కాకపోతే పక్కకి ఒరగబెట్టేవారు, అప్పటికీ కాకపోతే జెట్ ఊడదీసి నోటితో ఊదేవారు. అలా పెరిగినవాళ్లకి ఇంజిన్ తుమ్మితే చాలు, చెయ్యి కార్బ్యురేటర్ మీదకే పోతుంది.

విప్పించి షాపుకి పంపాం. మూడు వారాల తర్వాత మిలమిలలాడుతూ వచ్చింది. బిగించాం, ఎగిరాను, దిగాను, మళ్లీ ఆగింది.

అప్పుడు పక్క ఊరి మెకానిక్ ఒకాయన్ని బతిమాలి పిలుచుకొచ్చాం. డెబ్బై దాటిన పెద్దాయన. కార్బ్యురేటర్ వైపు చూడను కూడా చూడలేదు. గాలిలో ఫుల్ పవర్‌లో ఎలా ఉందని అడిగాడు. బంగారంలా ఉందన్నాను. అయితే అది కార్బ్యురేటర్ కాదు పొమ్మని, ఇంట్లో వాడే వ్యాక్యూమ్ క్లీనర్ గొట్టాన్ని ఊదే వైపు తగిలించి, కార్బ్యురేటర్‌కి గాలి వెళ్లే ఎయిర్‌బాక్స్ మూతికి టేపుతో చుట్టాడు. లోపలికి గాలి పోతుంటే సిలిండర్లకి పెట్రోల్, గాలి మిశ్రమం తీసుకెళ్లే ఇన్‌టేక్ పైపుల కీళ్ల దగ్గర సబ్బు నీళ్లు చిమ్మాడు. మూడో సిలిండర్ దగ్గర రబ్బరు గొట్టం క్లాంపు కింద నుంచి బుడగలు, ఒకదాని వెనక ఒకటి. చిన్నప్పుడు సైకిల్ షాపులో ట్యూబుని నీళ్ల తొట్టిలో ముంచితే వచ్చేవి చూడండి, అచ్చం అలాగే.

విషయం చాలా చిన్నది. థ్రాటిల్ మూసినప్పుడు ఇన్‌టేక్‌లో పీల్పు ఎక్కువ, ఆ గొట్టం పగుల్లోంచి గాలి లోపలికి దూరి మిశ్రమం పల్చబడి ఇంజిన్ చచ్చిపోతుంది. థ్రాటిల్ పూర్తిగా తెరిస్తే ఆ పీల్పు ఉండదు, అందుకే పైన ఏమీ తెలియదు. అన్నిటికన్నా సిగ్గుపడాల్సింది ఇంకొకటుంది. చిన్న విమానాలకి పోసే 100ఎల్ఎల్ పెట్రోల్‌లో నీలం రంగు కలుపుతారు కదా, ఆ గొట్టం చుట్టూ నీలం మరక నెలల తరబడి ఉంది. నేనే ప్రతి ఆదివారం విమానం ముద్దుగా కనిపించాలని గుడ్డతో తుడిచేస్తున్నాను! గొట్టం ఖరీదు ఆ రోజు మేం తిన్న బర్గర్లకంటే తక్కువ.

కాబట్టి మీరు ముందు ప్రైమర్ చూడండి, అదే, స్టార్ట్ చేసే ముందు ఇంజిన్‌లోకి పెట్రోల్ చిమ్మే చేతి పంపు. లోపలికి తోసి తిప్పి లాక్ చేయకపోతే ఐడిల్‌లో పెట్రోల్ అదనంగా పీల్చుకుని, నల్లపొగ కక్కుతూ ఆగుతుంది. తర్వాత ఆ రబ్బరు గొట్టాలు. వాటి వయసెంతో లాగ్‌బుక్‌లో రాసి ఉండకపోతే మార్చించేయండి, ఆలోచించక్కర్లేదు. ప్లగ్గులకి కరెంటిచ్చే మాగ్నెటోలు, ఆ ప్లగ్గులు కూడా చూసుకున్నాకే కార్బ్యురేటర్ వంతు. థ్రాటిల్ ఒక్కసారిగా తోస్తే దగ్గుతుందని కూడా ఎవరో మీకు చెప్పే ఉంటారు. మీదీ స్ట్రామ్‌బర్గే అయితే అది రోగం కాదు, థ్రాటిల్ తోయగానే అదనంగా పెట్రోల్ చిమ్మే యాక్సిలరేటర్ పంపే దానికి లేదు, మెల్లగా తోయాలి. అదే కారణంతో స్టార్ట్ చేసే ముందు థ్రాటిల్‌ని పంపులా కొట్టడం కూడా చెయ్యి నొప్పి తప్ప ఇంకేం కాదు. ఆపాక కింద చుక్కలు చుక్కలుగా కారుతుంటే మాత్రం లోపల పెట్రోల్‌ని ఆపే నీడిల్, సీట్ అనుమానించండి, అది నిజంగా కార్బ్యురేటర్ జబ్బే. దాన్ని విప్పడం ఓనర్లు చేయకూడదు, లైసెన్సున్న మెకానిక్కే చేయాలి. యూట్యూబ్ చూసి స్క్రూడ్రైవర్ పట్టుకోవద్దు.

ఐసింగ్ సంగతి, అంటే కార్బ్యురేటర్‌లో మంచు పట్టడం, అడగలేదు గానీ, ఈ ఇంజిన్‌తో అది చెప్పకుండా ఉండలేను. మంచు పట్టాలంటే చలికాలం కావాలనుకుంటారు మనవాళ్లు. కార్బ్యురేటర్ ఇరుకు గొంతు లాంటి వెంచురీలో పెట్రోల్ ఆవిరయ్యేటప్పుడు ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్‌కు పైగా పడిపోతుంది, బయట 25 ఉండి గాలిలో తేమ ఉంటే చాలు. థ్రాటిల్ ముట్టుకోకుండానే ఆర్‌పీఎం మెల్లగా జారుతుంటే కార్బ్యురేటర్‌లోకి వేడి గాలి పంపే కార్బ్ హీట్ పూర్తిగా లాగండి. మొదట ఇంకా రఫ్‌గా కొట్టుకుంటుంది, కరిగిన నీళ్లు మింగుతోంది కాబట్టి. అక్కడే భయపడి చాలామంది వెనక్కి తోసేస్తారు. తోయకండి, కాసేపు ఓపిక పట్టండి, ఆర్‌పీఎం తిరిగి లేస్తుంది.

ఇంకొకటి, డబ్బు మిగులుతుందని బంకులో కారు పెట్రోల్ పోయకండి. ఇక్కడ దాదాపు అన్నిట్లోనూ ఇథనాల్ కలిపే ఉంటుంది, పాత రబ్బరు గొట్టాలకీ సీళ్లకీ అది పడదు.

ముందు ఆ ప్రైమర్ లాక్ అయి ఉందో లేదో చూసి, ఇన్‌టేక్ గొట్టాల దగ్గర ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. గుడ్డతో తుడవకుండా తీయండి.