మరిగిస్తే ఫ్లోరైడ్ పోతుందా? బోరు నీళ్లపై మీ ప్రశ్నలు

ప్రశ్న: బోరు నీళ్లు బాగా మరిగించి, వడగట్టి తాగుతున్నాం. అయినా ఏడేళ్ల బాబు పళ్లమీద గోధుమరంగు చారలు వస్తున్నాయి. ఇంకాసేపు మరగనియ్యాలా? (మర్రిగూడ మండలం)

జవాబు: వద్దమ్మా, ఎంత మరిగిస్తే అంత నష్టం. బోరు నీళ్లు తాగే పిల్లల్లో ఇలాంటి చారలకు సాధారణంగా కారణం ఫ్లోరైడ్, రాళ్ల నుంచి నీళ్లలోకి కరిగే పదార్థం. మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ ఆవిరైపోదు. లీటరుకు 2 మిల్లీగ్రాములున్న నీళ్లు 5 లీటర్లు పొయ్యి మీద పెట్టి 4 లీటర్లకు ఇగిరిస్తే, ఆ 4 లీటర్లలో లీటరుకు 2.5 అవుతుంది. మన దేశ ప్రమాణం ప్రకారం 1 దాకా మంచిది, వేరే దిక్కు లేకుంటే 1.5 దాకా. ఫ్లోరైడ్ నీళ్లలో ఉప్పులా కరిగి ఉంటుంది కాబట్టి గుడ్డకూ, క్యాండిల్ ఫిల్టరుకూ చిక్కదు. ఇండుప గింజ అరగదీసి కలిపినా మట్టే దిగుతుంది.

బాబుకు ఇప్పటికే పడిన చారలు నీళ్లు మార్చినా పోవు. అవి పన్ను చిగురు లోపల తయారయ్యేటప్పుడే పడతాయి. కానీ వెనుక పళ్లు కొన్ని ఇంకా తయారవుతున్న వయసిది, ఎముకలు పెరిగే వయసు కూడా. అందుకే ఈ రోజు నుంచే తాగడానికీ, వంటకూ ప్రభుత్వం ఇచ్చే మిషన్ భగీరథ నల్లా నీళ్లే వాడండి. వంట మాట ఎందుకంటే, బియ్యం పీల్చుకున్న నీళ్లతో పాటు ఫ్లోరైడూ కడుపులోకే పోతుంది. బోరు నీళ్లు స్నానానికీ, బట్టలకూ పనికొస్తాయి.

ప్రశ్న: నల్లా రాని రోజుల్లో పటికతో ఇంట్లోనే ఫ్లోరైడ్ తీయొచ్చా? ఎంత వెయ్యాలి? (మునుగోడు)

జవాబు: తీయొచ్చు. నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) 1970లలో తయారుచేసిన ఆ పద్ధతికి మన జిల్లా పేరే పెట్టారు, నల్గొండ టెక్నిక్ అని. అయితే ముందు నీళ్లు పరీక్ష చేయించాలి. టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన లవణాల మొత్తం, చూపే మీటరు ఫ్లోరైడ్‌ను చూపించదు, దాన్ని నమ్మి మోసపోకండి. బోరు కొద్దిసేపు పారనిచ్చి, శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో లీటరు పట్టి ల్యాబ్‌కు ఇవ్వండి. ఫ్లోరైడ్‌తో పాటు క్షారత, అంటే ఆల్కలినిటీ కూడా అడగండి. ఆ రెండింటిని బట్టే పటిక లెక్క.

లీటరుకు మిల్లీగ్రాముల్లో ఫ్లోరైడ్ 3, ఆల్కలినిటీ 400 అని వచ్చిందనుకుందాం. లీటరుకు సుమారు 400 మిల్లీగ్రాముల పటిక కావాలి, అంటే 20 లీటర్ల బకెట్‌కు 8 గ్రాములు. లీటరు నీళ్లలో 100 గ్రాముల పటిక కరిగించి పెట్టుకుంటే అందులో 80 మిల్లీలీటర్లు చాలు. ఇది నీటి శుద్ధికి వాడే అల్యూమినియం సల్ఫేట్ లెక్క. మంగలి షాపులో దొరికే పటికలో అల్యూమినియం తక్కువ, దానికి ఈ లెక్క కుదరదు.

ముందు పటికలో ఇరవయ్యో వంతు సున్నం, అంటే 0.4 గ్రాము కలపండి. తర్వాత పటిక నీళ్లు పోసి నిమిషం పాటు గిర్రున తిప్పండి, ఆపైన పది నిమిషాలు మెల్లగా. మొదట నీళ్లు పాలచుక్క కలిసినట్టు మసకబారతాయి. కాసేపటికి దూదిపింజల్లాంటి తునకలు ఒకదానికొకటి అతుక్కుని పెద్దవవుతాయి. అదే అల్యూమినియం హైడ్రాక్సైడ్, ఫ్లోరైడ్ పట్టుకునేది దానినే. చివరిదాకా గట్టిగా తిప్పితే ఆ పింజలు చితికిపోతాయి, అడుగుకు దిగవు. చాలామంది పొరబడేది ఇక్కడే. గంట, రెండు గంటలు కదపకుండా ఉంచి, పైతేట మాత్రమే తీయండి. అడుగున రెండంగుళాల పైన కొళాయి పెట్టిన బకెట్ అయితే సుఖం. మడ్డిని రాత్రంతా అలాగే ఉంచొద్దు, పట్టుకున్న ఫ్లోరైడ్ మళ్లీ నీళ్లలోకి రావచ్చు.

ఎక్కువ వేస్తే ఎక్కువ పోతుందని పటిక గుప్పించకండి. నీళ్లు పులుపెక్కి, అల్యూమినియం అందులోనే మిగులుతుంది. టీడీఎస్ 1500 దాటినా, ఫ్లోరైడ్ 10 దాటినా ఈ పద్ధతి వద్దు. మొదటిసారి తీసిన తేటను తప్పకుండా మళ్లీ పరీక్షకు ఇవ్వండి.

ప్రశ్న: మా పాత బావి నీళ్లలో కందిపప్పు ఎంతకీ ఉడకదు. కొత్త బోరు నీళ్లలో ఇట్టే మెత్తబడుతోంది. అంటే బోరు నీళ్లే మంచివా? (కల్వకుర్తి)

జవాబు: అలా అనుకోవద్దు. పప్పు కణాలను జిగురులా పట్టి ఉంచేది పెక్టిన్. బావి నీళ్లలోని కాల్షియం దాన్ని బిగిస్తుంది, అందుకే పప్పు పలుకుగా ఉంటుంది. మీ బోరు నీళ్లలో కాల్షియం తక్కువ, సోడా గుణం ఎక్కువ అయ్యుంటుంది. ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్ల లక్షణమూ చాలాచోట్ల అదే. మన నల్లరాయి, గ్రానైట్ ఖనిజాల్లోని ఫ్లోరైడ్‌ను కాల్షియం ఉన్న నీళ్లు కొంత అడ్డుకుంటాయి, కాల్షియం తగ్గితే అది తేలిగ్గా కరుగుతుంది. కాబట్టి ఆ బోరును ముందు పరీక్ష చేయించండి.

బావి నీళ్లతోనే వండాలంటే, ఆ నీళ్లు కాచి చల్లార్చి, అడుగున పేరిన తెల్లపొడి వదిలేసి పైవి వాడండి. కొంత కాల్షియం తగ్గుతుంది. చింతపండు రసం పప్పు ఉడికాకే పోయాలి, పులుపు ముందే తగిలితే అది మెత్తబడదు. చిటికెడు వంటసోడా పనిచేస్తుంది గానీ బి1 విటమిన్ దెబ్బతింటుంది.

ప్రశ్న: హీటర్ రాడ్‌కు తెల్లటి పెంకు కట్టింది. గీకితే రావడం లేదు. (దేవరకొండ)

జవాబు: గీకొద్దు, రాడ్ పైపూత పోతుంది. ప్లగ్ తీసి, చల్లారాక, లీటరు గోరువెచ్చని నీళ్లలో రెండు చెంచాల నిమ్మఉప్పు కలిపి చుట్ట వరకే ముంచండి. బుడగలు వస్తే పెంకు కరుగుతున్నట్టు, ఆ వాయువు కార్బన్ డయాక్సైడ్. 10 గ్రాముల పెంకుకు 13 గ్రాముల నిమ్మఉప్పు పడుతుంది కాబట్టి, బుడగలు ఆగినా పెంకు మిగిలితే కొత్త ద్రావణం చేయండి. అల్యూమినియం గిన్నెలో వద్దు, ప్లాస్టిక్ బకెట్ వాడండి. బ్లీచింగ్ పౌడర్ మాత్రం దానితో ఎప్పుడూ కలపకండి, విషవాయువు వస్తుంది.